మందు కొట్టే ముందు ఆకు తిరగేయండి

బోరు కింద పది గుంటల్లో వంగ నాటారు. నెల రోజులు తోట బాగానే ఉంది. ఒకరోజు పొద్దున పోయి చూస్తే ఆకులు ముడుచుకుని ఉన్నాయి, అక్కడక్కడ కొనలు వాలిపోయాయి. ఇక మనసు నిలవదు. ఉత్త చేతులతో బస్సెక్కి మండల కేంద్రంలోని మందుల దుకాణానికి పోతాం. "వంగకు పురుగు పట్టింది సేటూ, మంచి మందు ఇయ్యి" అంటాం. ఆయన చెట్టును చూడలేదు. మనం చెట్టును చూశాం గానీ ఆకును తిరగేయలేదు. ఇద్దరూ చూడని పురుగుకు మూడు రకాల మందులు ఉద్దెర మీద ఇంటికొస్తాయి. మూడూ ఒకే పంపులో కలుస్తాయి. వారం తిరిగేసరికి ఆకు మళ్ళీ ముడుస్తుంది, కొన మళ్ళీ వాలుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కూరగాయలు వేసే చిన్న రైతులలో చాలామందికి ఇది ఏటా జరిగే కథే. 2016లో ఈ రెండు ఉమ్మడి జిల్లాలు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. కానీ చెలకలు, బోర్లు అవే, పురుగులూ అవే. పత్తి, ఆముదం, కంది మీద వచ్చే పురుగులను మన రైతులు దూరం నుంచే పేరు పెట్టి చెబుతారు. అదే రైతులు తోటలోకి వచ్చేసరికి అన్నింటినీ కలిపి 'పురుగు' అంటున్నారు, అన్నింటికీ ఒకటే మందు కొడుతున్నారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

తిన్న తీరే గుర్తు

పురుగు కనపడకపోయినా అది తిన్న తీరును బట్టి ఏ జాతిదో చెప్పవచ్చు. పురుగులకు నోరు ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటుంది. కొన్నింటికి కొరికి నమిలే దవడలు ఉంటాయి. కొన్నింటికి సూదిలాంటి నోరు ఉంటుంది.

ఆకుకు రంధ్రాలు పడినా, అంచులు కొరికినట్టున్నా, ఈనెలు మిగిలి ఆకు జల్లెడలా అయినా అది నమిలి తినే పురుగు పని. లద్దె పురుగు, గొంగళి పురుగు, పెంకు పురుగు ఈ జాతివి. ఇవి ఉన్న చోట పచ్చని లేదా నల్లని పెంట కనబడుతుంది.

రంధ్రం లేకుండా ఆకు ముడిచినా, పసుపు పచ్చ చుక్కలు పడినా, అంచులు ఎర్రబడి కాలినట్టున్నా, ఆకు మీద బంక కారి నల్లని మసి పట్టినా అది రసం పీల్చే పురుగు. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగు, పిండినల్లి ఈ జాతివి. చెట్టు మీద చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే పైన బంక కార్చే పురుగు ఉందేమో వెతకండి. చీమ ఆ తీపి బంక కోసమే పోతుంది.

పైన అంతా బాగుండి ఒక్క కొన వాలినా, కాయకు రంధ్రం పడినా అది తొలిచే పురుగు. ఇది బయట ఉండేది కొద్ది సమయమే. లోపలికి పోయాక మీరు ఎంత మందు కొట్టినా దానికి తగలదు.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. పసుపుబారిన ప్రతి ఆకూ పురుగు పని కాదు. జింకు, ఇనుము వంటి ధాతువుల లోపం వచ్చినా, వేరు కుళ్లినా, నీరు ఎక్కువైనా ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. బత్తాయిలో జింకు లోపం వస్తే ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు మచ్చలు వస్తాయి. దానికి పురుగు మందు కొడితే ఒక్క పైసా ఫలితం ఉండదు.

తోటలో ఎట్లా చూడాలి

వారానికి రెండుసార్లు, పొద్దున ఎండ ఎక్కక ముందు తోటలో తిరగండి. గట్టు పక్క చెట్లు మాత్రమే చూసి రావద్దు. ఒక మూల నుంచి ఎదురు మూలకు వంకర టింకరగా నడుస్తూ 20 చెట్లు చూడండి. ఒక్కో చెట్టుకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చొప్పున మూడు ఆకులు తిరగేయండి. రసం పీల్చే పురుగులు ఎక్కువగా ఉండేది ఆకు అడుగునే. గుడ్లు పెట్టేదీ ఎక్కువగా అక్కడే.

తామర పురుగు, నల్లి కంటికి సరిగా ఆనవు. పిల్లల నోటు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం తీసుకుపోండి. కొనను కాగితం మీదికి వంచి వేలితో కొట్టండి. కాగితం మీద సన్నని గీతల్లాంటివి పాకితే తామర పురుగులు. చుక్కల్లాంటివి మెల్లగా కదిలితే నల్లి. లద్దె పురుగు అనుమానం ఉంటే రాత్రి టార్చిలైటు పట్టుకుని పోండి. అది పగలు మట్టి బీటల్లో దాక్కుంటుంది, రాత్రి మేస్తుంది.

చూసింది చూసినట్టు ఒక కాగితం మీద రాసుకోండి. 20 చెట్లలో ఎన్నింటికి పురుగు ఉంది, పోయిన వారం ఎన్నింటికి ఉండేది అనేది తెలిస్తే పురుగు పెరుగుతున్నదా తగ్గుతున్నదా తెలుస్తుంది. తగ్గుతుంటే మందు కొట్టే పని లేదు.

మిరపలో రెండు ముడతలు

గుర్తు పట్టడం ఎంత అవసరమో మిరప ముడత చూస్తే తెలుస్తుంది. మిరప ఆకు రెండు రకాలుగా ముడుస్తుంది. అంచులు పైకి లేచి ఆకు దొన్నెలా అయితే అది తామర పురుగు. దీన్ని పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి ఆకు బోర్లించిన పడవలా అయి, తొడిమ సాగితే అది తెల్లనల్లి. దీన్ని కింది ముడత అంటారు.

చూడడానికి రెండూ ముడతలే. కానీ తామర పురుగు ఆరు కాళ్ల కీటకం, నల్లి ఎనిమిది కాళ్ల జీవి. నల్లి కీటకం కాదు, సాలెపురుగు బంధువు. తామర పురుగుకు కొట్టే మందులు చాలావరకు నల్లిని చంపవు. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మాటిమాటికి కొడితే నల్లిని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. "మందు కొట్టినంక ముడత ఎక్కువైంది" అని రైతులు అనే మాటలో చాలాసార్లు నిజం ఉంటుంది. కింది ముడతకు లీటరు నీటికి 3 గ్రా. నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయాలి. మండే ఎండలో మాత్రం గంధకం కొట్టవద్దు, ఆకు మాడుతుంది.

2021–22లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప రైతులను నల్ల తామర పురుగు నిలువునా ముంచింది. ఈ కొత్త రకాన్ని మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద గుర్తించారు. ఇది ఆకు మీదకన్నా పూతలో గుంపులుగా ఉంటుంది. ఆకు మీద మాత్రమే చూసిన రైతుకు ఇది ముందుగా దొరకలేదు. పూత రాలిన తర్వాత రోజు విడిచి రోజు మందు కొట్టినా చాలామందికి పంట దక్కలేదు. మిరపలో పూత మొదలైతే ఆకుతో పాటు పూవును కూడా విప్పి చూడండి. తోటలో నీలి రంగు జిగురు అట్టలు పెడితే తామర పురుగు ముందే పడి హెచ్చరిస్తుంది.

వంగ, బెండ, టమాట

వంగలో కొన వాలితే దాన్ని గోటితో చీల్చి చూడండి. లోపల లేత గులాబీ రంగు పురుగు ఉంటే అది మొవ్వు, కాయ తొలిచే పురుగు. కాయలు రాక ముందు మొవ్వులో, వచ్చిన తర్వాత కాయలో ఉంటుంది. దీనికి మొదటి మందు మీ చేతిలోని కత్తెరే. వాలిన కొనను అంగుళం కిందికి తుంచి సంచిలో వేసుకోండి. తుంచిన కొనలు గట్టు మీద పడేస్తే అందులోని పురుగు బతికి రెక్కలొచ్చి మళ్ళీ తోటలోకే వస్తుంది. వాటిని కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. పుచ్చు కాయలకూ అదే పద్ధతి. వంగ తర్వాత మళ్ళీ వంగ వేయకూడదు. పాత వంగ మోళ్లను కొత్త తోట పక్కన ఉంచకూడదు. ఊరంతా కొన్నాళ్ళు కొనలు తుంచితేనే ఫలితం బాగుంటుంది. ఒక్కరే చేస్తే పక్క తోట పురుగు వస్తుంది.

బెండలో ఈనెలు పసుపు రంగుకు తిరిగి ఆకంతా వల అల్లినట్టు అయితే అది పల్లాకు తెగులు. ఇది వైరస్. వచ్చిన చెట్టుకు ఏ మందూ లేదు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. తెగులు సోకిన చెట్టును పీకి పూడ్చి, మిగతా చెట్లను తెల్లదోమ నుంచి కాపాడుకోవాలి. తోట చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న లేదా మొక్కజొన్న దట్టంగా వేస్తే పక్క చేల నుంచి దోమ వచ్చేది తగ్గుతుంది. పసుపు రంగు డబ్బాలకు ఆముదం పూసి కట్టెలకు తగిలిస్తే దోమ వచ్చి అంటుకుంటుంది. టమాటలో ఆకు ముడత వైరస్‌ను మోసేదీ తెల్లదోమే.

టమాటలో కాయకు పెద్ద గుండ్రని రంధ్రం ఉండి, పురుగు తల లోపల, ఒళ్లు బయట ఉంటే అది శనగపచ్చ పురుగు. తొడిమ దగ్గర సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు, ఆకు మీద పొర మాత్రమే మిగిలిన పెద్ద మచ్చలు ఉంటే అది టూటా. టూటా దక్షిణ అమెరికా పురుగు. మన దేశంలో 2014లో మహారాష్ట్రలో మొదట కనబడింది. తర్వాత మన వైపు వచ్చింది. రెండింటికీ వేర్వేరు లింగాకర్షక బుట్టలు ఉంటాయి. ఒకదాని ఎర పెడితే రెండవది పడదు. బుట్ట కొనేటప్పుడు పురుగు పేరు చెప్పి కొనండి.

శనగపచ్చ పురుగుకు బంతి మంచి ఎర పంట. 16 సాళ్ల టమాటకు ఒక సాలు బంతి వేయమని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ సిఫారసు. 40–45 రోజుల బంతి నారును, 25 రోజుల టమాట నారును ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకు వస్తాయి. తల్లి పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. బంతి పూలలో పురుగును ఏరి చంపవచ్చు, దసరాకు పూలూ అమ్ముకోవచ్చు.

లద్దె పురుగుకు ఎర మన చెలకల్లోనే ఉంది. అది ఆముదం. తోట చుట్టూ ఆముదం చెట్లు అక్కడక్కడ పెడితే లద్దె పురుగు తల్లి వాటి పెద్ద ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. గుడ్ల గుంపు మీద మట్టి రంగు నూగు ఉంటుంది. గుడ్లు పగిలాక పిల్ల పురుగులు కొన్ని రోజులు అదే ఆకు మీద గుంపుగా ఉండి ఆకును జల్లెడ చేస్తాయి. ఆ ఒక్క ఆకును తెంపి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే వందల పురుగులు ఒక్కసారే పోతాయి. నాలుగు రోజులు ఆలస్యమైతే అవి తోటంతా పాకుతాయి. అప్పుడు ఏరడం ఎవరి వల్లా కాదు.

తీగ జాతిలో పండు ఈగ

కాకర, బీర, సొర, దోస పిందెలు వంకరపోయి, పసుపు బారి, కోసి చూస్తే లోపల తెల్లని పురుగులు లుకలుకలాడితే అది పండు ఈగ. ఈగ లేత పిందెకు సూది గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పిందె మీద మందు కొట్టినా లోపలి పురుగుకు అందదు. రాలిన, వంకర తిరిగిన పిందెలన్నీ ఏరి అడుగున్నర లోతు గుంటలో పూడ్చాలి. ఎందుకంటే పురుగు పిందెలోంచి మట్టిలోకి దిగి అక్కడే ఈగగా మారుతుంది. పందిరి కింద మట్టిని అప్పుడప్పుడు తిరగేస్తే కోశస్థ దశలోని పురుగు ఎండకు, పిట్టలకు పోతుంది. తీగ జాతికి క్యూలూర్ ఎర బుట్టలు పెట్టాలి. మామిడి, జామ మీద వచ్చే పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎర వాడాలి. రెండూ వేరు.

ఈ కూరగాయల్లో తేనెటీగ లేకపోతే కాయ నిలవదు. పూలు విప్పి ఉన్న సమయంలో మందు కొట్టవద్దు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటాయి. అది చూసుకుని వేళ పెట్టుకోండి. తీగ జాతి మీద గంధకం కూడా కొట్టకూడదు, ఆకులు మాడతాయి.

రెండు అక్షింతల పురుగులు

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద మా పెరట్లో బొబ్బర్లకు నల్ల పేనుబంక పట్టింది. చూస్తుంటే పేను మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లలాంటి పురుగులు గబగబ తిరుగుతున్నాయి. వాటిని చూసి నాకు భయమేసింది. పేను కన్నా ఇవే పెద్ద పురుగులు, తీగను ఇవే తింటున్నాయి అనుకున్నాను. దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి కొట్టాను. మూడు రోజులు తీగ శుభ్రంగా ఉంది. రెండు వారాలకు పేను ముందుకన్నా ఎక్కువ వచ్చింది, కాయంతా నల్లబడింది. తర్వాత ఒక వ్యవసాయ అధికారికి చెబితే ఆయన నవ్వి, "నీ తోట కాపలావాళ్లను నువ్వే చంపుకున్నావు" అన్నాడు. ఆ నల్ల పురుగులు అక్షింతల పురుగు పిల్లలు. అవి తినేది తీగను కాదు, పేనును. పేనుబంక మగదాంతో పని లేకుండానే పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. తినేవాళ్లు లేకపోతే దాని సంతానానికి అడ్డు ఉండదు.

చిక్కు ఏమంటే వంగ, కాకర మీద ఆకును తినే పురుగును కూడా మనం అక్షింతల పురుగు అనే పిలుస్తాం. రెండూ గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉంటాయి. తేడా ఇది:

మంచి అక్షింతల పురుగు నున్నగా మెరుస్తుంది. ఎర్రగా లేదా నారింజ రంగులో ఉండి కొన్నింటి మీద వంకర గీతలు ఉంటాయి. దాని పిల్ల పొడుగ్గా, నల్లగా ఉండి గబగబ నడుస్తుంది. అది ఉన్న చోట పేను ఉంటుంది, ఆకుకు కొరుకుడు ఉండదు.

చెడ్డ అక్షింతల పురుగు మెరవదు. మసకబారిన ఇటుక రంగులో, సన్నని నూగుతో ఉంటుంది. వీపు మీద చుక్కలు ఎక్కువ, ఒక రకానికి 28 ఉంటాయి. దాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో, కదలకుండా ఆకు అడుగున అంటుకుని ఉంటుంది. అది ఉన్న ఆకు పచ్చదనం గీకేసి జల్లెడలా ఉంటుంది. దాన్ని చేత్తో ఏరి చంపండి.

అక్షింతల పురుగు బలం ఎంతో తోటల చరిత్రలోనే ఉంది. 1880లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ తోటలను ఒక తెల్ల పొలుసు పురుగు తుడిచిపెట్టే స్థితి వచ్చింది. 1888–89లో ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగులను తెచ్చి వదిలారు. ఒకటి రెండేళ్లలో తోటలు తేరుకున్నాయి. మన దేశంలో 2008లో తమిళనాడులో బయటపడిన బొప్పాయి పిండినల్లి మందులకు లొంగలేదు. 2010లో విదేశం నుంచి తెచ్చిన చిన్న కందిరీగలను వదిలాక అది అదుపులోకి వచ్చింది.

పేను మధ్యలో ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పేనులు కనిపించినా సంతోషించండి. వాటి లోపల కందిరీగ పిల్ల పెరుగుతున్నది. సాలెపురుగులు, సన్నని పోగు చివర గుడ్డు నిలబెట్టే అల్లిక రెక్కల పురుగు కూడా మనవైపే. పేనుకు సమానంగా ఇవి కనబడుతుంటే వారం ఆగి చూడండి.

బత్తాయికి రాత్రి దొంగ

నల్లగొండ బత్తాయికి పేరున్న జిల్లా. వానకాలం చివర పండు రంగు తిరిగే వేళకు కొన్ని తోటల్లో కాయలు రాలుతాయి. పగలంతా వెతికినా పురుగు ఉండదు. రాలిన కాయను నొక్కితే ఒక సూది బెజ్జం నుంచి రసం చిమ్ముతుంది, బెజ్జం చుట్టూ కుళ్లు ఉంటుంది. ఇది రసం పీల్చే రెక్కల పురుగు పని. పొద్దు గూకినంక వస్తుంది. వెనక రెక్కలు నారింజ రంగులో నల్ల మచ్చతో ఉంటాయి. టార్చి వేస్తే కళ్లు మెరుస్తాయి.

దీని పిల్ల పురుగులు బత్తాయి మీద పెరగవు. కంచెల మీద, గుట్టల పక్కన పాకే తిప్పతీగ, దూసరితీగల మీద పెరుగుతాయి. అందుకే చెట్టు మీద ఎంత మందు కొట్టినా లాభం లేదు. తోట చుట్టూ ఆ తీగలు తీసివేయడం, రాలిన కాయలు ఏ రోజుకారోజు ఏరి పూడ్చడం, సాయంత్రం తోటలో పొగ పెట్టడం, రాత్రి టార్చితో పట్టి చంపడం చేయాలి. పెరట్లో ఒకటి రెండు చెట్లే ఉంటే కాయలకు కాగితం సంచులు కట్టండి.

లేత బత్తాయి, నిమ్మ ఆకుల మీద పాము పాకినట్టు వెండి గీతలు ఉంటే అది ఆకు తొలిచే పురుగు. ఇది లేత చిగురుకే వస్తుంది, ముదిరిన ఆకును ముట్టదు. ముదిరిన ఆకు మీద పాత గీతలు చూసి మందు కొట్టడం దండగ. కొత్త చిగురు వచ్చినప్పుడు చూసుకోవాలి. అది చేసిన గాయాల్లోంచి గజ్జి తెగులు సోకుతుంది గనుక లేత తోటల్లో దీన్ని అశ్రద్ధ చేయవద్దు.

ముందు చేతులు, తర్వాత వేప

చేత్తో ఏరడం, కొనలు తుంచడం, బుట్టలు, జిగురు అట్టలు, ఎర పంటలు మొదటి మెట్టు. రెండవ మెట్టు వేప. జూన్, జూలైలో మన ఊళ్లలో వేప పండ్లు రాలి తొక్కుళ్లలో పోతుంటాయి. ఇంటిల్లిపాదీ రెండు రోజులు ఏరితే ఏడాది తోటకు సరిపోతాయి. గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టి గోనె సంచిలో ఉంచండి. బూజు పట్టనివ్వకండి.

5 శాతం వేప గింజల కషాయానికి 5 కిలోల వేప పప్పు దంచి పొడి చేసి, గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండి, వడకట్టి, 100 గ్రా. సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేయాలి. పది లీటర్ల పంపు ఒక్కటే చాలు అనుకుంటే అర కిలో పప్పు సరిపోతుంది. చేసిన రోజే, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేప మందు కొట్టిన గంటలో పురుగు చచ్చి కింద పడదు. తిండి మానేసి, గుడ్లు తగ్గి, మెల్లగా పోతుంది. తెల్లారి పోయి చూసి పని చేయలేదనుకోవద్దు. చిన్న పురుగు మీద, గుడ్ల దశలో బాగా పని చేస్తుంది, ముదిరిన లద్దె పురుగు మీద అంత పని చేయదు. తయారు చేసుకునే వీలు లేకపోతే 1500 పి.పి.ఎం. వేప నూనె మందు లీటరుకు 5 మి.లీ. కలపండి.

మందు తప్పకపోతే

ఇవన్నీ చేసినా పురుగు పెరుగుతుంటే మందు వాడండి. కానీ పురుగుకు తగ్గ మందు వాడండి. పేనుబంక, పచ్చదోమకు ఇమిడాక్లోప్రిడ్ 0.3 మి.లీ. లేదా థయామిథాక్సామ్ 0.2 గ్రా. లీటరు నీటికి చాలు. ఇవి కాయ తొలిచే పురుగును చంపవు. తొలిచే పురుగులకు, లద్దె పురుగుకు ఎమామెక్టిన్ బెంజోయేట్ 0.4 గ్రా. లేదా స్పైనోసాడ్ 0.3 మి.లీ. వాడాలి. పురుగు ఇంకా చిన్నగా ఉంటే బి.టి. పొడి లీటరుకు 1 గ్రా. కూడా సరిపోతుంది. కొనే ముందు డబ్బా మీద మీ పంట పేరు ఉందో లేదో చదివించుకోండి.

ఒకే మందు వరసగా కొట్టవద్దు, పురుగు దానికి అలవాటు పడుతుంది. అట్లాగని మూడు మందులు ఒకే పంపులో కలపవద్దు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి చేలలో లద్దె పురుగు మీద మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మిగిలింది. ఎందరో రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ గోస మనం మరిచిపోకూడదు. మరోవైపు ఖమ్మం జిల్లా పునుకుల ఊరి రైతులు మెల్లమెల్లగా మందులు మానేసి 2003 నాటికి ఊరంతా పురుగు మందు లేకుండా పత్తి, మిరప పండించి చూపించారు.

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ట్రయాజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫోరేట్‌లకు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. ఎవరైనా పాత సరుకు అంటగడితే తీసుకోవద్దు. కొన్న ప్రతి మందుకూ రశీదు అడగండి.

డబ్బా మీద డైమండు గుర్తులో కింది సగం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పురుగుకు పనిచేసే వాటిలో ఆకుపచ్చ, నీలం గుర్తున్న మందునే ఎంచుకోండి. కొట్టిన తర్వాత ఎన్ని రోజులకు కాయ కోయాలో డబ్బాతో వచ్చే కాగితం మీద ఉంటుంది. పొద్దున మందు కొట్టి సాయంత్రం కోసి సంతకు పంపితే ఆ కాయ ఎవరి ఇంటికో కాదు, మన పిల్లల కంచంలోకి కూడా వస్తుంది.

ప్రాణం ముందు

కొట్టేటప్పుడు నిండు చేతుల అంగీ, ముఖానికి గుడ్డ, చేతికి తొడుగులు తప్పనిసరి. గాలికి ఎదురుగా నడవవద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదవద్దు. బీడీ, తంబాకు, నీళ్లు ముట్టవద్దు. పిల్లలను, కడుపుతో ఉన్న ఆడవాళ్లను ఆ పక్కకు రానీయవద్దు. తల తిరిగినా, నోట్లో నీళ్లూరినా, చూపు మసకబారినా, చెమటలు పోసినా పని ఆపి, బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లు కడిగి వెంటనే దవాఖానకు పోండి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలుగుతారు. ఖాళీ డబ్బా ఇంట్లో నూనెకో ఉప్పుకో వాడవద్దు.

ఎవరిని అడగాలి

గుర్తు పట్టలేకపోతే సిగ్గు పడవలసిన పని లేదు. తిన్న ఆకు, పురుగు రెండూ ఒక పాలిథీన్ సంచిలో వేసి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి చూపండి. కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురంలలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం, బత్తాయి రైతులకు దగ్గరలో కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధనా స్థానం ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800–180–1551కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు.

ఈసారి దుకాణం మెట్లు ఎక్కే ముందు మూడు ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండాలి. పురుగు నమిలేదా, పీల్చేదా, తొలిచేదా? 20 చెట్లలో ఎన్నింటికి ఉంది? దాన్ని తినే పురుగు తోటలో ఉందా లేదా? ఈ మూడూ తెలిసిన రైతుకు అవసరం లేని డబ్బా అమ్మడం ఎవరికైనా కష్టమే. రేపు పొద్దున తోటకు పోయినప్పుడు మొదటి ఆకు తిరగేయండి.